తడిగుడ్డ చుట్టిన సీసా

ఆ రోజుల్లో, అంటే తొంభైలలో, మా జగ్గయ్యపేట వాళ్ళకి మంచు అంటే సోడాల కొట్టువాడు రంపప్పొట్టులోంచి తీసే ఐసు దిమ్మే. అలాంటిది నందిగామ కాలేజీలో ఎన్‌సీసీలో చేరిన పాపానికి హిమాలయాల్లో నెల్లాళ్ళ పర్వతారోహణ శిక్షణకి నన్ను ఎంపిక చేశారు. (పోటీ ఏమీ లేదు లెండి. మిగతా అమ్మాయిల ఇళ్ళలో ఒప్పుకోలేదు, అంతే.) బయల్దేరేముందు ఎన్‌సీసీ మాస్టారు పక్కకి పిలిచి, "చూడమ్మా, నువ్వు శిఖరం ఎక్కి పాసై వస్తే వచ్చే ఏడు ఇంకో ఆడపిల్లని పంపడానికి ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకుంటారు. మధ్యలో తిరిగొచ్చావనుకో, ఇక ఎవర్నీ పంపరు" అన్నారు. మా అమ్మకి ఆ బెంగేమీ లేదు. వడదెబ్బ తగలకుండా నా జేబులో ఉల్లిపాయ పెట్టి పంపింది.

మూడు వారాలు ఎలాగో నెట్టుకొచ్చాను. ఆఖరి మకాం మంచు మీదే వేశాం. ఆ మధ్యాహ్నం ఎండ మంచు మీద పడి ఎదురు కొట్టడంతో మొహం చుర్రుమని, అచ్చం మా పేటలో మే నెలలా అనిపించింది. మా ఇంట్లో వేసవి సాయంత్రాలు సీసాలకి తడిగుడ్డ చుట్టి వరండాలో పెట్టడం నా పని. ఆ రోజు ఒళ్ళు హూనమై ఉన్నాను, చేతులు వాటంతటవే పని కానిచ్చేశాయి. ప్లాస్టిక్ సీసా నింపి, తువ్వాలు తడిపి చుట్టి, గుడారం బయట పెట్టి, రేపు శిఖరం మీద చల్లటి నీళ్ళు తాగొచ్చని మురిసిపోతూ పడుకున్నాను.

తెల్లారేసరికి అది నేలకి అతుక్కుపోయింది. నాలుగు తన్నులు తంతే గానీ ఊడిరాలేదు. మాకు కొండలెక్కడం నేర్పే ఉస్తాద్, ఆ కొండల్లోనే పుట్టిన పెద్దాయన, దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు. చుక్క కదల్లేదు, లోపలంతా ఐసుగడ్డే. "మా ఊళ్ళో నీళ్ళు చల్లబడటానికి చుడతాం ఉస్తాద్‌జీ" అన్నాను నాకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో. ఆయన చుట్టూ ఉన్న మంచుని ఓసారి, నన్ను ఓసారి చూసి, "ఈ చలి చాల్లేదా నీకు?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. తర్వాత నవ్వకుండా అన్నాడు: "నీళ్ళు లేనివాళ్ళు పైకి రాకూడదు. మళ్ళీ మంచు కరిగించే టైము లేదు. నువ్వు ఇక్కడే ఉండు."

సిగ్గు విడిచి భోరుమన్నాను. నేనెక్కకపోతే పోయె, నా తర్వాత రావాల్సిన పిల్ల సంగతేంటి? నాతో ఒకే తాడు కట్టుకున్న విశాఖపట్నం అమ్మాయి నా ఏడుపు చూడలేక, "నా నీళ్ళల్లో సగం దీనికిస్తాను, రానివ్వండి" అని బతిమాలింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సరే. కానీ ఆ గడ్డ కూడా తీసుకురా. నీ తప్పు నువ్వే మొయ్యి" అన్నాడు.

పది కొట్టేసరికి ఎండ మండిపోయింది. గట్టిగా ఉండాల్సిన మంచు మోకాళ్ళ దాకా దిగబడింది. గంటలో ఎక్కాల్సిన చోట రెండు గంటలు పట్టి అందరి సీసాలూ ఖాళీ అయ్యాయి. అప్పుడు నా సంచీలోంచి గళగళమని చప్పుడు. గడ్డ సగం కరిగింది! తలా రెండు గుక్కలు తాగాం. అందరికన్నా ఆఖర్న తాగిన ఉస్తాద్, "నా చిన్నప్పుడు ఇంత ఎత్తులో మధ్యాహ్నమైనా గడ్డ కరిగేది కాదు. మీ ఊరి ఎండ నీ వెనకాలే వచ్చిందా ఏంటమ్మాయ్?" అన్నాడు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. శిఖరం ఎక్కాం. నేను పాసయ్యాను.

పన్నెండేళ్ళ తర్వాత, అదే కాలేజీలో ఎన్‌సీసీ మేడమ్‌నై, ఆరుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళాను. అప్పట్లో మేం గుడారం వేసిన చోట మంచు లేదు, ఉత్త గులకరాళ్ళు. ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు నేర్పేది ఉస్తాద్ కొడుకు. "దారి మార్చాం, ఎండ రాకముందే దిగిపోయేలా బయల్దేరుతున్నాం. కొండ మారింది కదా మేడమ్, మేమూ మారాం" అన్నాడు.

శిఖరానికి బయల్దేరేముందు పిల్లల సంచీలు తనిఖీ చేస్తుంటే చందర్లపాడు మిరప రైతు కూతురి దగ్గర రెండు సీసాలు కనిపించాయి. ఒకటి ఉన్ని మేజోడులో వేడినీళ్ళతో. రెండోది తడిగుడ్డ చుట్టి, రాయిలా బిగుసుకుపోయి.

"ఇదేంటే?"

"ఎండెక్కువైతే పనికొస్తుందని మీరే చెప్పారు కదా మేడమ్!"

క్లాసులో పిల్లలు నన్ను చూసి నవ్వుకోవడానికి నేను చెప్పిన కథని ఈ పిల్ల పాఠంలా రాసుకుందన్నమాట. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. దాని చేతిలోంచి ఆ గడ్డ తీసి నా సంచీలో వేసుకున్నాను.

"ఇటివ్వు. ఇది నేనే మొయ్యాలి."