వదిలే చరణం

సూర్యకాంతం గొంతు మంచిదని ఎవరైనా ఆవిడతో అంటే ఆవిడకి నచ్చదు. "మంచిదేంటండీ, పెద్దది" అంటుంది. ఆ మాట నిజమే. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే, కొబ్బరి తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట వాళ్ల పేట ఉంది. అక్కడ అలివి వల లాగేటప్పుడు పాట అందుకునే ఆడమనిషి ఆవిడొక్కతే. వయసు అరవై దాటింది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఫోను కెమెరా కనిపిస్తే కొంగు సర్దుకునే సరదా, ఎంతటివాళ్లనైనా కసిరే నోరు. నాకు ఆవిడంటే ఇష్టం. ఆవిడతో కాసేపు మాట్లాడితే తలనొప్పి. రెండూ ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి.

నేను అమలాపురంలో పిల్లలకి సంగీతం చెప్తాను. కొన్నేళ్లుగా మేము కొందరం కలిసి ఆ తీరంలో జానపద సంగీతపు పండుగ జరుపుతున్నాం. చప్పట్లు కొట్టి పోయే పండుగ కాదు. వచ్చినవాళ్లు డప్పు పట్టుకుని కొట్టాలి, డోలు భుజాన వేసుకోవాలి, అమ్మవారి గరగ కుండ నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వెయ్యాలి. ఈ ఏడు వల పాట కూడా నేర్పిద్దామన్నది నా పట్టుదల. ఆ పాటని మైకు ముందు పాడిస్తే సగమే పాట. చేతిలో తాడు, తాడుకి అవతల నీళ్లలో వల ఉంటేనే అది ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలుస్తుంది.

అలివి వలని పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వేస్తారు. దాని రెండు కొసల తాళ్లనీ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతూ, నెమ్మదిగా ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. ఒక జట్టు ముందుకీ ఒకటి వెనక్కీ అయితే చేప పక్కనుంచి జారిపోతుంది. ఆ తేడా రాకుండా ఉండేందుకే పాట. అందుకున్న మనిషి ఒక మాట అంటుంది. జట్లు రెండూ అదే మాట తిరిగి అంటూ లాగుతాయి. తర్వాతి మాట వచ్చేదాకా కాళ్లు ఇసుకలో దించుకుని నిలబడతాయి.

పండుగకి వారం ముందు ఆ పాటంతా ఒకసారి పాడించుకుందామని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ మరిది నూకరాజు కూడా ఉన్నాడు. పాడటం అయ్యాక ఇంకా ఏమైనా చరణాలు ఉన్నాయా అని అడిగితే ఆవిడ మరిది వంక ఒకసారి చూసింది.

"ఒకటుందండి. అది పాడేది కాదు. మడిసి నీళ్లలో సిక్కితే తప్ప నోట్లోకి రాకూడదు. అది ఇనపడిందంటే రెండేపులా తాడు వదిలేత్తారు. వల పోయినా సరే, సేప పోయినా సరే."

"ఒక్కసారి వినిపిస్తారా?"

"ఇనిపించనండి. ఊరికే పాడితే సముద్రం నిజవే అనుకుంటాది."

నూకరాజు లేచి బయటికి వెళ్లిపోయాడు. సరే, మనకి దానితో పనేముంది అనుకుని నేనూ వదిలేశాను.

పండుగ మొదటి రోజు ఉదయం ఆకాశం తేటగానే ఉంది. సముద్రం మాత్రం పైకి నెమ్మదిగా కనిపిస్తూ కిందనుంచి లాగుతోంది. కాళ్ల కింద ఇసుక జారుతుంటే నాకే తెలిసింది. "ఇవాళ మానేద్దామా అండీ" అని సూర్యకాంతాన్ని అడిగాను.

"వల ఏసేసేరు కదండీ. ఏసిన వలని నీళ్లలో ఒగ్గేసి ఇంటికెల్లిపోతావా ఏటి" అని కసిరింది. నాకు కోపం వచ్చినా వెళ్లి అందరినీ వరసలో నిలబెట్టాను.

పేటలో మగవాళ్లు చాలామంది రొయ్యల చెరువుల కాపలాకి వెళ్లిపోయారు. ఉన్న కొద్దిమందీ నూకరాజుతో అవతలి తాడు పట్టారు. ఇవతలి తాడు మాది. ముందు సూర్యకాంతం, వెనక నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు వరసగా, మధ్యలో నేను. మా జట్టులో సముద్రం తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, అప్పుడది ఎవరికీ తప్పుగా తోచలేదు.

తాడు పట్టించే ముందు ఆవిడ అందరికీ గట్టిగా చెప్పింది. "నేనేటంటే మీరు అదే అనాలి, అంటా లాగాలి. పాట నేకుండా తాడు లాగకూడదు. సేతికి సుట్టుకోకూడదు. అరసేతులు మండితే మండనివ్వండి. వల నీళ్లలో ఉండగా నేను పాట ఆపనండి. ఆపితే సముద్రానికి మడిసిని ఇచ్చేసినట్టే."

సూర్యకాంతానికి సరిగ్గా వెనక లక్ష్మీతులసి ఉంది. కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగం, చక్కటి గొంతు, వచ్చినవాళ్లందరిలోకీ త్వరగా పాట పట్టేసిన పిల్ల. ఆ పిల్లని చూసి సూర్యకాంతం తెగ మురిసిపోయి, "నా ఎనకాలే ఉండమ్మా" అని తానే పిలిచి నిలబెట్టుకుంది.

"ఏలో ఎదురుగాలి" అంది సూర్యకాంతం. ఏలో ఎదురుగాలి అని అందరం లాగాం. "ఏలో వంజరం బారు." అదీ అన్నాం. మొదట్లో నవ్వులు, ఒకరి కాలు ఒకరు తొక్కుకోవడం. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. తాడు బిగిసింది. మాట వచ్చేసరికి నడుములు వాటంతట అవే వెనక్కి వాలుతున్నాయి. పాట ఒంట్లోకి దిగడమంటే ఏమిటో పిల్లలకి ఇన్నేళ్లుగా చెప్తున్నాను గానీ, నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

వల ఒడ్డుకి దగ్గరపడింది. రెండు జట్లూ ఎదురెదురుగా కనబడేంత దగ్గరికి వచ్చాయి. అక్కడే అల విరుగుతుంది, అక్కడే వెనక్కి లాగే నీళ్ల బలం ఎక్కువ. లక్ష్మీతులసి అరచేతులు అప్పటికే పొక్కిపోయాయి. పట్టు జారుతోందని తాడుని కుడి మణికట్టు చుట్టూ ఒక మెలిక తిప్పుకుంది. పెద్ద అల ఒకటి వచ్చి వెనక్కి తిరిగింది. ముందునుంచి వల లాగింది, వెనకనుంచి మేము లాగాం, మెలిక బిగుసుకుంది. ఆ పిల్ల మోకాళ్ల మీద పడింది. అరిచిన అరుపుని అల మింగేసింది.

సూర్యకాంతం వెనక్కి తిరిగి చూసింది. వెనకవాళ్లు తాడు వదిలితే చాలు, మెలిక దానంతట అదే జారిపోతుంది. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. పెద్ద గొంతెత్తి ఆ చరణం అందుకుంది.

"నీది నీకే తల్లీ, మాది మాకియ్యవే."

అవతల నూకరాజు జట్టు ఒక్కసారిగా తాడు వదిలేసింది. ఆ బరువంతా మా తాడు మీదికి వచ్చింది.

మరి మేమేం చేశాం? ఆవిడ ఏమంటే అదే అనమంది కదా. అందరం గొంతెత్తి "నీది నీకే తల్లీ, మాది మాకియ్యవే" అంటూ బలం కొద్దీ లాగాం. కొత్త చరణం వచ్చింది, ఎంత బాగుందో అనుకున్నాం. నేనూ అనుకున్నాను. అలాంటి చరణం ఒకటుందని తెలిసి కూడా నా బుర్రకి తట్టలేదు. ఆ మాటలు ఎలా ఉంటాయో, ఏ వరసలో వస్తాయో నేనెప్పుడూ విని ఉండలేదు మరి.

ఆవిడ మళ్లీ పాడింది, ఈసారి ఇంకా గట్టిగా. మేమూ ఇంకా గట్టిగా అని ఇంకా గట్టిగా లాగాం. "వదలండి, వదలండి" అని కేకేసింది. ముందున్న ఇద్దరు ముగ్గురికి వినబడి వదిలేశారు. వెనకవాళ్లకి అలల హోరులో అదొక కొత్త మాటలాగే వినబడింది. మా వెనక ఎవరో "వదలండీ" అని రాగం తీసి మరీ లాగారు. నూకరాజు మనుషులు నీళ్లకి అడ్డం పడి మా వైపు పరిగెత్తుతున్నారు గానీ, వాళ్లొచ్చేదాకా ఆ చెయ్యి ఆగేలా లేదు.

అప్పుడు సూర్యకాంతం నోరు మూసేసింది.

తన తాడు వదిలేసి, సముద్రానికి వీపు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి మా వైపు తిరిగి నిలబడింది. పెదవులు బిగబట్టుకుంది. తర్వాతి మాట కోసం మేము ఎదురుచూశాం. రాలేదు. పాట లేకుండా లాగకూడదు కాబట్టి ఎవరూ లాగలేదు. పాట ఉన్నంతసేపూ మేము తాడునే చూశాం. పాట ఆగాక తలలెత్తి మనిషిని చూశాం. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ పక్కన నీళ్లలో సగం మునిగి, చెయ్యి చాపి పడివున్న లక్ష్మీతులసి కనిపించింది.

అందరి చేతులూ విడిపోయాయి. తాడు కొస మా కాళ్ల మధ్యనుంచి పాకుతూ పోయింది. మెలిక విడిపోయి, పోతూ పోతూ ఆ పిల్ల మణికట్టు చర్మం ఒలిచేసింది. సూర్యకాంతం ఆ పిల్లని రెండు చంకల కిందా పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. వల, దాంట్లోని చేప, ఆ తాడు అన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఎవరూ అటు చూడలేదు.

రాజోలులో డాక్టరు మణికట్టు ఎముక చిట్లిందనీ, వేళ్లు కదులుతున్నాయి కాబట్టి భయం లేదనీ చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు భయం పోయి కోపం వచ్చింది. ఆ సాయంత్రమే సూర్యకాంతం ఇంటికి వెళ్లాను. రెండో రోజు వల పాట తీసేశామని చెప్పడానికే వెళ్లాను గానీ, అరుగు మీద ఆవిడని చూసేసరికి ఆగలేకపోయాను.

"ఆ చరణం ముందే నేర్పి ఉంటే ఆ పిల్ల చెయ్యి అలా అయ్యేది కాదండీ. మీ పట్టింపుకి ఒక మనిషి పోయేది."

తిరిగి కసురుతుందని ఎదురుచూశాను. "ఆయ్. నిజవేనండి" అంది. ఆ నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

అప్పుడు తనే చెప్పింది. వాళ్లాయన సూర్యారావు పాట అందుకునేవాడట. ఒకరోజు వల అడుగున దేనికో తగులుకుంటే, విడిపించడానికి తాడు వదిలి నీళ్లలోకి దిగాడు. కాలు వల కన్నుల్లో చిక్కుకుంది. పాట అందుకునేవాడే నీళ్లలో ఉంటే చరణం ఎవరు పాడతారు? జట్టులో ఉన్న సూర్యకాంతం పాడింది. ఆవిడ మొట్టమొదట పాట అందుకున్నది ఆ రోజే. అవతలి తాడు మీద నూకరాజు ఉన్నాడు.

"నీది నీకే, మాది మాకియ్యి అని అడిగేనండి. రెండేపులా వదిలేసేరు. మర్నాడు సముద్రం వల తెచ్చి ఒడ్డున పడేసింది. మడిసిని ఉంచేసుకుంది." చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూసుకుంది. "మరి దాన్ని ఎలా నేర్పమంటారు?"

నా కోపం ఏమైపోయిందో తెలియలేదు. నేర్పనక్కర్లేదండీ, రేపు లేదు కదా అన్నాను. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి పిలిచింది.

"రేపు పెట్టండి టీచరుగారూ. నీళ్లలో వల వద్దు. ఇసకలో తాడు సాలు."

నూకరాజు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నాడు. "వదినా, అది ఊరికే పాడేదైతే నేను తాడు ముట్టుకోను. సముద్రం ఇంటాది" అన్నాడు.

"ఇననీ" అందావిడ.

మర్నాడు ఉదయం సగం మందే వచ్చారు. లక్ష్మీతులసి వాళ్ల నాన్నగారితో వచ్చింది. చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతుంటే కుర్చీలో కూర్చుంది. ఇసుకలో పొడుగ్గా తాడు పరిచాం. ఇటొక జట్టు, అటొక జట్టు, అందరూ నేర్చుకునేవాళ్లే. పేట మగవాళ్లు ఎవరూ రాలేదు. దూరంగా ఒడ్డుకి లాగిన పడవ నీడలో నూకరాజు మాకు వీపు పెట్టి టీ తాగుతున్నాడు.

సూర్యకాంతం తాడు పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నీళ్లు అడిగి తాగింది. సముద్రం వంక ఒకసారి, కుర్చీలో ఉన్న పిల్ల కట్టు వంక ఒకసారి చూసింది. ఇంక పాడదు అనుకున్నాను. పాడకపోతేనే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఇయ్యాల లాగడం నేదండి. ముందు వదలడం నేర్సుకోండి. ఇది ఇనపడగానే తిరిగి అనకూడదు. ఆలోసించకూడదు. సెయ్యి ఇడిసెయ్యాలి."

పాడింది. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకరి తర్వాత ఒకరు మర్యాదగా తాడు కింద పెట్టారు. ఆవిడకి ఒళ్లు మండింది. "పెళ్లిలో తాంబూలం ఇత్తన్నారా ఏటి? ఇంతసేపట్లో మడిసి మునిగిపోడూ?" అని చెడామడా తిట్టి మళ్లీ తాడు పట్టించింది.

ఈసారి గొంతు దాచుకోలేదు. కళ్లు మూసుకుని, సూర్యారావు పోయిన రోజు ఎలా పాడిందో అలాగే పాడినట్టుంది.

"నీది నీకే తల్లీ, మాది మాకియ్యవే."

తాడు పడింది గానీ, ఇద్దరు ముగ్గురు ఇంకా పట్టుకునే ఉన్నారు. వాళ్లని తిట్టడానికి కళ్లు తెరిచిన సూర్యకాంతం తిట్టలేదు. వాళ్ల తలల మీదుగా పడవ వైపు చూస్తోంది. మేమూ అటు తిరిగాం.

నూకరాజు లేచి నిలబడి ఉన్నాడు. టీ గ్లాసు ఇసుకలో పడి ఉంది. టీ పంచె మీద ఒలికింది. వేళ్లు విచ్చుకున్న రెండు చేతులూ ముందుకి చాపుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటినే చూసుకుంటున్నాడు.

"సూసేరా" అంది సూర్యకాంతం. ఆ పెద్ద గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అలా వదలాలండి."