మా మామ బోరులో చప్పుడు

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. ఆళ్లగడ్డ పక్కన మా మామకు తోట ఉంది కదా, ఇప్పుడు ఆ తోటలోకి పోవాలంటే గేటు దగ్గర నాకొక్కడికే చెకింగ్! ఇంటి అల్లుణ్ణి నేను! అంతా ఆ బోరు వల్లే.

నాది నంద్యాలలో హార్డ్‌వేర్ షాపని మీకు తెలుసు. నట్లు, బోల్టులు, పైపులు అమ్ముకునేవాణ్ణి. బోరు తవ్వడం గురించి నాకేం తెలుసు? ఏమీ తెలీదు. అయినా మామ కొత్త బోరు వేయిస్తున్నాడంటే షాపు మూసి మరీ పోయి నిలబడ్డాను. పైన నల్లరేగడి, దాని కింద రాయి తగిలింది. బోరు బండి మస్తాన్ మిషన్ ఆపి నా దగ్గరకొచ్చాడు.

"అన్నా, ఇది ఒకటే బండ గాదు. నాపరాయి పొరలు పొరలుగా ఉండాది. మధ్యల మెత్తటి మన్ను. నీళ్లకు ఆ మన్ను కరిగితే బోరు గోడ రాల్తాది. గోడకు ఆపుగా కేసింగ్ పైపు ఇంకా కిందికి దించుదాం."

"రాయి తగిలినాక పైపెందుకప్పా? రాయి కంటే గట్టిదా నీ పైపు?" అన్నాను. పైపులు అమ్మే నేను!

మామ మాట తక్కువ మనిషి. నా వైపోసారి చూసి, "అల్లుడు చెప్పినాడు గదా, ఆపెయ్. రేపు గోడ రాలి మోటారు ఇరుక్కుంటే, దాన్ని తీసేకి అల్లుణ్ణే దించుదాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

నీళ్లు బాగానే పడ్డాయి. ఆ ధైర్యంతో మామ అరటి పిలకలు నాటించేశాడు. కరెంటు లైను రావడానికి కొన్నాళ్లు పడుతుందన్నారు. అందాకా ట్యాంకర్ నీళ్లు పోస్తూ, బోరు మీద ఒక బండ పెట్టి మూశారు.

ఆదివారం నేనూ మా ఆవిడ సుజాత తోటకు పోయాం. కొత్త బోరు కనబడితే మన చెయ్యి ఊరుకుంటుందా చెప్పండి? ఒక రాయి వేసి, అది నీళ్లలో గుబుక్‌మంటే వినాలి. వినకపోతే అన్నం సయించదు. కానీ నల్లరేగడిలో రాయి ఎక్కడ దొరుకుతుంది? జేబులో చెయ్యి పెడితే ఒక నట్టు తగిలింది. నా జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి. బండ జరిపి వేసేశాను. చెవి పెట్టి విన్నాను.

చప్పుడు లేదు!

ఇంకొకటి వేశాను. టంగ్‌మని యాడో తగిలింది, అంతే. గుబుక్ లేదు. మూడోది వేశాను. గుబుక్, గుబుక్, గుబుక్! వేసింది ఒకటి, పడినవి మూడు! అయిపోయింది, గోడ రాలుతోంది అనుకున్నాను.

ఇక నాకు నిద్ర లేదు, తిండి లేదు. పొద్దున్నే షాపు తెరవకుండా బండెక్కి ఆళ్లగడ్డ పోవడం, ఎవరూ చూడకుండా నట్టో బోల్టో, జేబులో ఏది తగిలితే అది ఒకటి వేయడం. భయం ఎక్కువైన రోజు నాలుగు వేసేవాణ్ణి. ఒకసారి నీళ్లలో పడేది, ఒకసారి పడేది కాదు. ఒకరోజు నేనేమీ వేయలేదు, ఊరికే వంగాను. లోపల దానంతటదే గుబుక్‌మంది! అప్పటి నుంచి బోరు చుట్టూ చెప్పులు విప్పి నడవడం మొదలుపెట్టాను, నేల అదరకూడదని. మామ ట్రాక్టరు స్టార్ట్ చేయబోతే అడ్డం పడ్డాను.

"ఏందండీ, పిల్లి మాదిరి నడుస్తాండారు? పానం బాగలేదా?" అంది సుజాత.

"అరికాళ్లు మంటలు" అన్నాను.

కరెంటు వచ్చింది. రేపు మోటారు దించుతామన్నారు. ఇక దాచలేక మామ ముందు నిలబడ్డాను.

"మామా, మోటారు దించొద్దు. బోరు గోడ రాలుతోంది. తప్పు నాదే."

తిడతాడనుకున్నా. తిట్టలేదు. ట్యాంకర్ నీళ్లు చాలక వాడిపోతున్న పిలకల వైపు చూశాడు. "ఈ బోరు పోతే ఇవి బతకవప్పా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

మస్తాన్ వచ్చాడు. తీగకు కట్టిన చిన్న కెమెరా బోరులోకి వదిలాడు. అందరం ఆ కెమెరా బొమ్మ చూపించే చిన్న టీవీ చుట్టూ మూగాం. పైపు అయిపోయి గోడ మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను.

"గోడ బాగానే నిలబడింది పెద్దాయనా. ఒక్క చోటే మన్ను కరిగింది, ఇదో, అల్మారా అర మాదిరి" అన్నాడు మస్తాన్. కళ్లు తెరిచాను. పొరల మధ్య నిజంగానే చుట్టూ ఒక అర. ఆ అర మీద ఏదో తళతళలాడుతోంది. "ఇదేం పొరన్నా? నేనెప్పుడూ చూళ్లేదే!" అన్నాడు మస్తాన్.

కెమెరా ఇంకాస్త దగ్గరికి పోయింది. ఆరు పలకలు. మధ్యలో రంధ్రం. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. రెండు బోల్టులు. ఒక వాషరు. తీగ తగిలి ఒకటి జారింది.

గుబుక్!

మామ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా అల్లుడా, నంద్యాల చాలక ఈడ గూడా షాపు తెరిచినావే!"

సుజాత గట్టు మీద కూలబడి నవ్వింది. మస్తాన్ మాత్రం నవ్వలేదు. "మోటారు దించేటప్పుడు దీంట్లో ఒక్క నట్టు జారి గోడకూ మోటారుకూ మధ్యల ఇరుక్కుంటే కథ కంచికేనన్నా" అన్నాడు. ఇన్నాళ్లూ మోటారు ఇరుక్కుంటుందని భయపడుతూ, ఇరికించే సరుకంతా నేనే సప్లై చేశాను!

నట్లన్నీ అడుక్కి తోసేసి, ఆ మెత్తటి పొర దాటేదాకా లోపల ఇంకో సన్న పైపు దించారు. పైపు నా షాపుదే, బిల్లు అడిగే మొహం నాకు లేదు. మోటారు దిగింది, నీళ్లొచ్చాయి, పిలకలు తలెత్తాయి.

నిన్న చూసొద్దామని పోయాను. గేటు దగ్గర మామ చెయ్యి చాపాడు. మారు మాట్లాడకుండా జేబులు దులిపాను. నట్లన్నీ గేటు స్తంభం మీది డబ్బాలో వేసి, "పోయేటప్పుడు తీస్కపో" అన్నాడు. అందరూ గుడి బయట చెప్పులు వదిలి లోపలికి పోతారు. నేను మా మామ తోట బయట నట్లు వదిలి పోతున్నాను.