బూటులో దాచిన చాకు

డెబ్బయ్యో దశకం మొదట్లో మా గోదావరిఖనిలో నా ఈడు కుర్రాళ్ల దగ్గర ఏదో ఒక ఆయుధం ఉండేది. నాది మా అవ్వ వంకాయలు కోసే చాకు. పాపం, ఆమె రెండు రోజులు వెతికి, పక్కింటామెను అనుమానించి, కొత్తది కొనుక్కుంది.

నేను చెప్పబోయే సోమవారానికి వారం ముందు, పట్టపగలు, సారా దుకాణం ముందు ఒక మనిషిని గొడ్డలితో నరకడం చూశాను. నేను అక్కడే నిలబడి ఉడికించిన శనగ గుడాలు తింటున్నాను. నరికినవాళ్లు ముగ్గురు. వాళ్లతో వచ్చి, వెనకాల నిలబడిన నాలుగో మనిషి నన్ను చూశాడు. అతను మా బాయిలోనే పనిచేసేవాడు. బాయంటే మాకు బొగ్గుగని. నీళ్లకు బదులు చెమట తోడేది.

పోలీసులు నన్నేమీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. కాని నేను చెప్పనని అతనికెలా తెలుస్తుంది?

ఆ హత్య సంగతి పాకి, ఆ వారం మా కుర్రాళ్లందరికీ ఏదో అయింది. ఒకడు పట్టాల మీద కదులుతున్న బొగ్గు టబ్బు మీదికి ఎగిరి ఎక్కేవాడు. ఇంకొకడు తాగి డ్యూటీకి వచ్చేవాడు. పెద్దవాళ్లు తిడితే, "ఎట్లనో గట్ల పోయేటోళ్లమే గద కాకా" అని నవ్వేవారు. నాకు నవ్వేంత ధైర్యం లేక చాకు బూటులో పెట్టుకున్నాను. దిగే ముందు తనిఖీ చేసే మనిషి బీడీలు, అగ్గిపెట్టెల కోసం జేబులు తడిమేవాడు తప్ప బూట్లలోకి చూసేవాడు కాదు.

సోమవారం పొద్దుటి షిఫ్టులో పని పంచే సర్దారు నన్నూ ఆ నాలుగో మనిషినీ ఒకే టబ్బుకు వేశాడు. అతను పారతో బొగ్గు ఎత్తి తట్ట నింపాలి, నేను మోసుకెళ్లి టబ్బులో పొయ్యాలి. అంటే ప్రతి తట్టకూ అతనికి వీపు చూపించి నడవాలి.

తట్ట నెత్తికెత్తేటప్పుడు అతని టోపీ దీపం నా కళ్లలో కొట్టేది. దీపం వెనక మొహం కనబడేది కాదు. వీపంతా చెవులు చేసుకుని నడిచాను.

ఏడో తట్టకో ఎనిమిదో తట్టకో పట్టాల మీద కాలు మడతపడింది. పెద్దమనిషిలా కనిపించాలని ఒక సైజు పెద్ద బూట్లు తీసుకున్నాను. లోపల చాకు తిరిగింది. మా అవ్వ దాన్ని ఎంత పదునుగా ఉంచేదో అప్పుడు తెలిసింది. తట్టతో సహా కూలబడ్డాను. అతను పార పట్టుకునే పరుగెత్తి వచ్చాడు. నేను చేతుల మీద వెనక్కి జరిగాను.

"ఏమైంది తమ్మీ?"

"ఏం కాలే అన్నా."

"ఏం కాకపోతే గా నెత్తురేంది?"

పార పక్కన పెట్టి నా బూటు లాగాడు. చాకు పట్టాల మీద ఖంగుమని పడింది. దాన్ని దీపం వెలుగులో తిప్పి చూశాడు.

"నాకోసమేనా?"

అబద్ధం తోచక తలూపాను. అతను వంగి తన బూటులోంచి ఇంకో చాకు తీశాడు. దానికి పాత లుంగీ గుడ్డ గట్టిగా చుట్టి ఉంది.

"గిట్ల గుడ్డ సుట్టాలె. ఉత్తగనే వెట్టుకుంటరా ఎవలన్న?"

"నీదెవరికోసం అన్నా?"

"నీకోసమే. గా దినం నన్ను సూసినవు గద. సచ్చినోని మనుషులకు సెప్తవని వారం సంది నిద్ర లేదు."

"నేనెవరికీ చెప్ప."

"చెప్పకు మరి."

సర్దారు టోపీ దీపం మా వైపు వస్తోంది. అతను రెండు చాకులూ తన బూట్లలోకి తోసి, "బొగ్గుపెళ్ల వడ్డది సర్దారన్నా, దవాఖానకు తోల్కపోత" అన్నాడు. నన్ను వీపున వేసుకుని పైకి ఎక్కాడు. ఈసారి వీపు అతనిది. దారి పొడుగునా నా చేతులు అతని మెడ చుట్టూ ఉన్నాయి. అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కాలు మానాక చాకు తిరిగి ఇచ్చాడు, లుంగీ గుడ్డ చుట్టి. అవ్వకు ఇచ్చేయవలసింది. ఇవ్వలేదు. ఆ ఏడాదంతా మేమిద్దరం ఒకే టబ్బు నింపాం, ఒకే సద్ది పంచుకుని తిన్నాం. ఏ ఒక్కరోజూ ఇద్దరిలో ఎవరమూ బూటు ఖాళీగా వేసుకుని దిగలేదు.