మరచెంబులో సముద్రం

నిన్న రుషికొండలో మనవరాలు నీళ్ల సీసా నిండా సముద్రం పట్టింది. మన ఇళ్లలో మూత తిప్పే ఇత్తడి మరచెంబులు గుర్తున్నాయా? చిన్నప్పుడు మా ఊరు పద్మనాభం నుంచి మొదటిసారి సముద్రానికి వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన నాన్నమ్మకి చూపిద్దామని నేనూ అలాగే మరచెంబు నింపాను. ఇంటికెళ్లగానే అమ్మ అవి మంచినీళ్లనుకుని చారు కాచేసింది.

"ఏటే కోడలా, ఉప్పు బస్తా బోర్లించీసినావేటి?" అంది నాన్నమ్మ.

నాకు ఏడుపొచ్చింది. "అది నీకోసం తెచ్చిన సముద్రం నాన్నమ్మా!"

ఆవిడ గిన్నె ఎత్తి ఇంకో గుక్క తాగింది. "మీరంతా సూసొచ్చినారు, నాను తాగీసినాను. ఎవులు గొప్ప?"

ఈసారి సీసాని వంటింటి గడప దాటనివ్వలేదు. అయినా మా కోడలి చారు ఉప్పగానే ఉంది.