అలకి వీపు చూపించిన అయ్యగారు

ఒక ఫోను చేయాలంటే మనిషి చెప్పులేసుకుని బజారు దాకా నడిచి రావలసిన కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో నేను కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఒక ఎస్‌టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. గాజు తలుపు వెనక జనం ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు, జీడిపప్పు రేట్లు అరిచేవాళ్లు. నేను మీటరు మీద ఎర్రంకెలు పరిగెత్తడం చూస్తూ ఏమీ విననట్టు ముఖం పెట్టేదాన్ని. (అన్నీ వినేదాన్ని. బూత్‌లో కూర్చున్న పిల్ల ఏమీ వినలేదంటే ఎవరూ నమ్మకండి.) దేవుడి గురించి నాకున్న కాస్త తెలివీ ఏ ఆదివారం బడిలోనో వచ్చింది కాదు, ఆ బూత్‌లో వచ్చిందే. ఇప్పుడు చిన్న మాట అనాలన్నా ముందు వెనకలు చూసుకునే నేను ఆ వయసులో ఒక పాస్టరుగారిని నిలదీశానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

మాది టెక్కలి దగ్గర పల్లె. రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. మా ఊళ్లో దొరల కాలంలో కట్టిన పెంకుల మందిరం ఒకటుంది, మేము తరాల నుంచీ ఆ మందిరం వాళ్లం. పదో తరగతి సెలవుల్లో నాకు వంశధార కాలవలో బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలోంచి తల పైకెత్తేసరికి గట్టు మీద నాన్న తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాట పూర్తయ్యేదాకా ఆగాలి కదా, ఆగలేదు. పంచె తడుస్తున్నా నీళ్లలోకి దిగొచ్చి "సలేత్తందేటమ్మా?" అంటూ సంఘమంతా చూస్తుండగా నా తల తుడవడం మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు నాన్న. మందిరం వెనక సమాధుల తోటలో పడుకోబెట్టాం. అప్పట్నుంచీ బాప్తిస్మం అన్న మాట వింటే నాకు ప్రసంగాలూ వాక్యాలూ గుర్తుకు రావు, ఆ తువ్వాలే గుర్తొస్తుంది.

నాన్నకి ఒక్క చెల్లెలు, మా మేనత్త. పెళ్లై పలాస వెళ్లాక ఆవిడ అక్కడి కొత్త సంఘంలో చేరింది. చేరడమంటే మామూలుగా కాదు, మా ఇంటికొస్తే మా పాటల పుస్తకం కూడా ముట్టుకునేది కాదు. ఆవిడ కొడుకు మా బావ జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అతనికి ఫోను చేయడానికి ఎవరూ లేరు, అయినా రోజూ బూత్‌కి వచ్చేవాడు. రిసీవరు చెవికి పెట్టుకుని నన్నే చూస్తూ "ఎంగేజ్ వత్తంది" అనేవాడు. అంకెలేవీ నొక్కకుండా ఎంగేజ్ ఎలా వస్తుందని నేనూ అడగలేదు. మా నాన్నమ్మ (అంటే బావకి అమ్మమ్మ) ఈ సంగతి ముందే కనిపెట్టి, "ఆ పిల్లని ఇంకెవరికిత్తారేటి?" అని తేల్చేసింది. అందరికీ ఇష్టమే. అడ్డం ఒక్కటే. కొత్త సంఘం పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో మా పెళ్లి ప్రకటన చదవాలంటే నేను ఆయన చేతుల మీదుగా మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలట. మళ్లీ అన్న మాట కూడా ఆయన ఒప్పుకోలేదు. "మొదటిది బాప్తిస్మమే కాదు, స్నానము" అన్నారట.

ఆ అయ్యగారిని దుష్టుడనుకునేరు, కాదు. మంచి మనిషి. జ్వరమొచ్చిందంటే ఎవరి గుమ్మమైనా ఎక్కి ప్రార్థన చేసేవారు. తెల్లటి లాల్చీ, లావుపాటి అద్దాల కళ్లజోడు. ప్రసంగం చేస్తే గ్రాంథికం, మామూలుగా మాట్లాడినా సగం గ్రాంథికమే. పుట్టింది మా ఉద్దానంలోనే అయినా ఆ యాస పొరపాటున కూడా పైకి రానిచ్చేవారు కాదు. ఆయన నమ్మకం ఒక్కటే. దేవుడు తన అధికారాన్ని ఒకే ఒక్క సంఘం చేతిలో పెట్టాడు, అది తమ సంఘం, మిగిలిన వాళ్లంతా పాపం తెలియక తిరుగుతున్నారు. ఒకరోజు విశాఖపట్నం ఫోను చేయడానికి మా బూత్‌కే వచ్చారు. లైను కలవలేదు. కలిసేదాకా బల్ల మీద కూర్చున్నారు. ఇదే అదను అనుకుని అడిగేశాను.

"అయ్యగారూ, మీరు మా బూత్‌లోంచి ఫోను చేసినా, స్టేషను ఎదురుగా ఉన్న బూత్‌లోంచి చేసినా అవతల మోగేది ఒక ఫోనే కదండీ?"

నా ఉద్దేశం ఆయనకి వెంటనే అర్థమైంది. చిరునవ్వు నవ్వారు. "మోగును తల్లీ. కానీ నీ యజమాని గోడకి ఆ లైసెన్సు ఎందుకు తగిలించెను? లైసెన్సు లేనివాడు వీధిలో ఫోను పెట్టి కూర్చున్న యెడల కాల్ వెళ్లునా?"

 ఆయన చూపించిన లైసెన్సు మీద దుమ్ము పట్టి ఉంది, లేచి దాన్నే తుడుస్తూ ఉండిపోయాను. ఇంటికెళ్తూ బస్సులో అంతా ఆలోచించాను. లైసెన్సు మాట నిజమే, కానీ ఆ లైసెన్సు ఒక్క బూత్‌కే ఇచ్చారని ఎవరన్నారు? ఇంత మంచి జవాబు టెక్కలి వచ్చాక తట్టింది. (నా మంచి జవాబులన్నీ జీవితంలో బస్సు దిగాకే వచ్చాయి.)

నన్ను అసలు తొలిచేస్తున్నది ఆ లైసెన్సు గొడవ కాదు. మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు అది బయటపడింది. ఆవిడ కొబ్బరి తురుముతూ, "ఒలే, ఒక్కసారి మునిగి లేత్తే అయిపోద్ది కాదేటి. నీ మొండితనం దేనికి సెప్పు" అంది. నేను అడగకుండా ఉండలేకపోయాను. "అది కాదత్తా. మీ అయ్యగారి చేతిలో మునగనోళ్లకి పరలోకం లేదంటే, మరి మా నాన్న ఎక్కడున్నట్టు?" మేనత్త చేతిలో కొబ్బరి చిప్ప ఆగిపోయింది. తన సొంత అన్న గురించి ఆ ప్రశ్న ఆవిడ తనని తాను ఎప్పుడూ వేసుకోలేదని నాకు ముఖం చూడగానే తెలిసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, "అలాటివి అడక్కూడదే" అంది. అప్పుడే ఎందుకో ఆ గదిలోకి వచ్చిన బావ వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయాడు. మర్నాడు బూత్‌కి వచ్చి మొదటిసారి రిసీవరు ఎత్తకుండా మాట్లాడాడు. "మా అమ్మ రాత్రి అన్నం తిన్నేదు. నాకూ తినాలనిపించలేదు. నువ్వు ఎలగంటే అలగే" అన్నాడు. అలా అనేవాడితో పెళ్లి వదులుకోవడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి? సరే, మునుగుతానన్నాను.

ఆ వేసవిలో కొత్త సంఘం వెనక బాప్తిస్మాలిచ్చే సిమెంటు తొట్టి బీటలిచ్చింది. నీళ్లు పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. అయ్యగారు ఆలోచించి, ఈసారి సముద్రంలో ఇద్దామన్నారు. వ్యాను కట్టించుకుని పాటలు పాడుకుంటూ భావనపాడు తీరానికి వెళ్లాం. నాన్నమ్మ కూడా బయల్దేరింది. "నీకెందుకమ్మా ఎండలో?" అని మేనత్త అంటే, "గుంట తడిసొత్తాది, తువ్వాలు ఎవరిత్తారు?" అంది. ఒడిలో పెట్టుకున్నది నాన్న తువ్వాలే. అది చూశాక దారి పొడుగునా నేను పాట అందుకోలేకపోయాను.

తీరంలో ఒకతను వల బాగు చేసుకుంటున్నాడు. మేము నీళ్లలోకి దిగుతుంటే తలెత్తి, "బాబూ, కెరటాలు బాగోలేవు. దానికి ఈపు సూపించకండి" అన్నాడు. అయ్యగారు దయగా చెయ్యి ఊపారు. ఆయనకి తెలిసిన నీళ్లు తొట్టి నీళ్లు. తొట్టిలో ఎప్పుడూ సంఘం వైపు ముఖం పెట్టి నిలబడటం అలవాటు. సముద్రంలోనూ అలాగే నిలబడ్డారు, ముఖం ఒడ్డు వైపు, వీపు బంగాళాఖాతం వైపు. నేను ఎదురుగా, నడుము లోతులో. అందరికీ వినపడేలా గొంతెత్తి అడిగారు.

"సహోదరీ, మునుపు నీవు పొందినది బాప్తిస్మము కాదని ఒప్పుకొనుచున్నావా?"

ఈ ప్రశ్న ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మునగడం అయితే మునుగుదును. కాదని అనాలా? కాలవ, గట్టు, తడిసిన పంచె, "సలేత్తందేటమ్మా" అన్న ఆ మాట, అవన్నీ ఉత్త స్నానమని నా నోటితో అనాలా? ఒడ్డున బావ ప్యాంటు మడుచుకుని నిలబడి ఉన్నాడు. పక్కన తువ్వాలు పట్టుకుని నాన్నమ్మ.  అయ్యగారు ఓపికగా చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన భుజం మీదుగా నాకది కనిపించింది.

"అయ్యగారూ, అల!" అన్నాను.

"మాట మార్చకుము. జవాబు చెప్పుము."

"అది కాదండీ, వెనకాల..."

"వెనుకటి జీవితము గురించే అడుగుచున్నాను తల్లీ."

ఆ రోజుకి ఆయన చివరి గ్రాంథిక వాక్యం అదే. అల వచ్చి ఇద్దర్నీ ఎత్తి కుదేసింది. నీళ్లలో పల్టీ కొడుతుంటే "ఓలమ్మో! ఓలమ్మో!" అని అచ్చమైన ఉద్దానం కేక వినపడింది, అది ఆయనదే. నన్ను కెరటం ఒడ్డు మీదికి విసిరేసింది. నోట్లో ఇసుక, జడ ఊడిపోయింది. లేచి చూస్తే అయ్యగారు లేరు. తెల్ల లాల్చీ ఒకసారి తేలింది, మళ్లీ మునిగింది. వల బాగు చేసుకునే అతను అప్పటికే పరిగెత్తి దూకాడు. బావ కూడా దూకాడు (ఈత రాదు, మోకాలి లోతులో నిలబడి గట్టిగా అరిచాడు, అయినా దూకాడనే చెప్తాను). సంఘమంతా కొయ్యబారిపోయింది. ఒక్క నాన్నమ్మ మాత్రం ఇసుకలో మోకాళ్ల మీద పడి సముద్రం కంటే గట్టిగా ప్రార్థన మొదలెట్టింది.

"నాయనా పెభువా, ఆ మడిసిని ఇచ్చీ నాయనా. మాట మొండోడే గానీ మనసు మంచోడు. ఇంటికాడ పెళ్లాం పిల్లలున్నారు. నా కొడుకుని తీసుకున్నావు, నానేటీ అనలేదు. ఈడిని మాత్రం ఇచ్చీ!"

ఆ జాలరి అయ్యగారిని చంకల కింద చేతులేసి లాక్కొచ్చి నాన్నమ్మ ముందే పడేశాడు. ఆయన బోర్లా పడి ఉప్పునీళ్లు కక్కారు, దగ్గారు, ఊపిరి అందుకున్నారు. నాన్నమ్మ ప్రార్థన ముగించింది. ఆ నిశ్శబ్దంలో ఇసుక మీద పడున్న అయ్యగారు తీరమంతా వినపడేలా ఒక్క మాటన్నారు.

"ఆమేన్!"

అందరం విన్నాం. తన సంఘంలో మునగని, ఏ అధికారమూ లేని ముసలమ్మ చేసిన ప్రార్థనకి ఆయన నిండు గొంతుతో ఆమేన్ అన్నారు. నాన్నమ్మ తువ్వాలు తీసి నా తల మీద కాదు, ఆయన తల మీద వేసి తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ మెల్లగా అడిగింది. "మరైతే బాబూ, నా పార్దన సెల్లినట్టే కదా?" కళ్లజోడు సముద్రంలో పోయింది. ఆయన కళ్లు చిట్లించుకుని ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశారు. "పిల్లకి బట్టలు మార్పించండమ్మా, జలుబు సేత్తాది" అన్నారు. తిరుగు ప్రయాణంలో వ్యానులో పాటలు లేవు.

ఆ వారమంతా పలాసలో పెద్ద వాదన నడిచింది. అయ్యగారు ముంచలేదు గానీ అల ముంచింది కాబట్టి చెల్లుతుందని కొందరు, మాటలు పలకలేదు కాబట్టి చెల్లదని కొందరు. "అలకి పాస్టరు పని ఎవరిచ్చారేటి?" అని నాన్నమ్మ రెండు పక్షాల వాళ్లనీ నవ్వించింది. ఆదివారం మేనత్త భయపడుతూ వెళ్లి నా సంగతేమిటని అడిగితే, అయ్యగారు "అది ఆ పిల్లకీ ప్రభువుకీ మధ్య సంగతి" అని ఊరుకున్నారట. ఆ పూటే మా పెళ్లి ప్రకటన చదివారు. ఆ ప్రశ్నకి నేను ఈనాటిదాకా జవాబు చెప్పలేదు. ఆయన మళ్లీ అడగనూ లేదు. పెళ్లి తర్వాత నేను ఆయన ప్రసంగాలు చాలా ఏళ్లు విన్నాను. పెద్దగా మారలేదు. కాకపోతే "దేవుని అధికారము మన సంఘమునకు మాత్రమే" అనే చోటికొచ్చేసరికి ఆయనకి దగ్గు వచ్చేది. దగ్గి, నీళ్లు తాగి, వేరే సంగతి ఎత్తుకునేవారు.

కొన్నేళ్లకి మా ఉద్దానంలో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. చూడ్డానికి వెళ్లాను. ఎముకల గూడులా మంచం మీద ఉన్నారు. అప్పటికి బూత్ మూతపడిపోయింది, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. నన్ను చూసి నవ్వి, "మీ బూత్ నుంచి ఒక కాల్ కలుపమ్మా" అన్నారు. గ్రాంథికం ఎక్కడా లేదు. నాకు పెద్ద ప్రార్థనలు రావు, వచ్చినంత చేశాను. నేను ముగించీ ముగించకముందే ఆమేన్ అన్నారు. లేవబోతుంటే నా చెయ్యి వదల్లేదు.

"నానెలాగూ ముందెల్తన్నాను. మీ నాయన కనబడితే ఏటి సెప్పమంటావు?"

 కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే "బాగున్నానని చెప్పండి" అన్నాను. "మడిసిని నానెప్పుడూ సూడలేదు, గుర్తు సెప్పు" అన్నారు. చెప్పాను. పొడుగ్గా ఉంటారు, ముందుకి కొంచెం వంగి నడుస్తారు, చేతిలో తప్పకుండా తువ్వాలు ఉంటుంది. ఆయన కళ్లు మూసుకుని, మరిచిపోకూడదన్నట్టు ఒక్కొక్కటీ పెదవులతో పలుకుతూ విన్నారు.

ఇంటికొస్తుంటే ఆటోలో గుర్తొచ్చింది, ఆయన కళ్లజోడు మంచం పక్కన స్టూలు మీదే ఉండిపోయిందని. అది ఇక్కడే వదిలి వెళ్తే అయ్యగారు అక్కడ మా నాన్నని ఎలా గుర్తుపడతారు? వెనక్కి వెళ్లి అడగాలనిపించింది. నా మంచి ప్రశ్నలు కూడా బయల్దేరాకే తడతాయని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను, ఆటో అబ్బాయి అద్దంలోంచి కంగారుగా చూస్తున్నాడు. ఏం పర్వాలేదులే, తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చేది నాన్నే కదా.