వరసగా ఎనిమిది

మా బాబాయి మెకానిక్. పాత అమెరికా కార్లలో పెట్రోలు ఇంజన్లు పీకేసి డీజిల్‌వి బిగించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఊళ్లో సగం టాక్సీలు ఆయన షెడ్డు గడప తొక్కినవే. విప్పిన ఇంజన్ ఆ పూటే ఫౌండ్రీకి పోయి కరిగిపోవాలి. కళ్లెదుట ఉంటే యజమాని మనసు మారుతుందనేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. అయినా ఆ షెడ్డు మీద నాకింకా కోపం పోలేదు.

మా నాన్న నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం ఓ ఆకుపచ్చ సెడాన్. దాని ఇంజన్‌లో ఎనిమిది సిలిండర్లూ ఒకే వరసలో ఉండేవి. అలాంటివి చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్ మీద నిండు నీళ్ల గ్లాసు పెట్టేవాడు. చుక్క తొణికేది కాదు. "విన్నావా?" అనేవాడు నాతో. వినడానికేమీ ఉండేది కాదు, ఆయన గొప్పంతా అదే.

పెట్రోలు ధర మండిపోయాక కారు మూలపడింది. నాన్న నెలకోసారి స్టార్ట్ చేసి, పక్కనే పది నిమిషాలు నించుని ఆపేసేవాడు. అది చూస్తే బాబాయికి అన్న మీద జాలేసేది. తుంటి ఆపరేషన్‌కని నాన్న మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇదే అదనుగా డీజిల్ ఇంజన్ బిగించేశాడు. పాతదాన్ని అలవాటు కొద్దీ ఆ పూటే ఫౌండ్రీకి పంపేశాడు.

నాన్నని తీసుకురావడానికి ఆ కారులోనే వెళ్లాం. కర్ర పట్టుకుని మెట్ల మీద నిలబడ్డ నాన్న, కారు మలుపు తిరగకముందే దడదడ విన్నాడు.

"ఎలా ఉందన్నయ్యా? ఇక నువ్వెక్కడికైనా తిరగొచ్చు," అన్నాడు బాబాయి దిగుతూ.

నాన్న బానెట్ మీద చెయ్యి వేశాడు. ఇంజన్ దడకి బానెట్ అదురుతోంది.

"పాతదేదిరా?"

బాబాయి నాన్న చేతికర్ర వైపు చూస్తూ చెప్పాడు. "ఫౌండ్రీకి పంపేశాను. ఈపాటికి కరిగించేసి ఉంటారు."

"మంచి పని చేశావు. ఖర్చు కలిసొస్తుంది," అని నాన్న వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. కర్ర సాయంతో ఆఫీసుకి నడిచే వెళ్లాడు గాని, స్టీరింగ్ ముట్టుకోలేదు. బాబాయిని మాత్రం ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. బాబాయి కార్ల ఇంజన్లు మార్చడం మానేసి సైకిళ్ల పంక్చర్లలోకి దిగాడు.

"ఒక్కసారి తిట్టుంటే బతికిపోయేవాణ్ణమ్మా," అంటాడు ఇప్పటికీ.

ఆ ఇంజన్ విప్పేముందు ఆయన నన్ను అడిగాడు. "కానివ్వు బాబాయ్, నాన్న సంతోషిస్తాడు," అన్నది నేనే. ఆ మాట బాబాయి మా నాన్నకు ఎన్నడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.