రంగు డబ్బా పోయినా పని వదలని ఖాదర్ చాచా

మౌలాలి గుట్ట కింద కార్ల కరెంటు పనికి పేరు మోసిన ఖాదర్ చాచా కన్నుమూశారన్న వార్త వచ్చినప్పుడు, నేను కాప్రా చెరువు పక్కన ఒక గృహిణికి క్లచ్ వదలడం నేర్పుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు సలీం. ‘‘అక్కా, అబ్బా పోయిండు’’ అన్నాడు. నిర్ఘాంతపోయాను. కారు పక్కకు ఆపించి, దిగి, బానెట్ మీద చేయి వేసి నిలబడ్డాను. ఆ బానెట్ కింద ఆయన చెయ్యి పడని తీగ ఒక్కటి లేదు.

ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పడం నా జీవనాధారం. కారు పాతది. దాని వయసు ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. ఆ వృద్ధ వాహనాన్ని ఇన్నాళ్లు రోడ్డు మీద నిలిపిన ఘనత చాచాదే. ఆయన పరోపకారి, హాస్యప్రియుడు, పనిలో నిష్ఠాగరిష్ఠుడు. వినయసంపన్నుడని మాత్రం రాయలేను, రాస్తే ఆయన ఆత్మే ఒప్పుకోదు. ‘‘ఈ లైన్ల నన్ను మించినోడు ఉంటే తీస్కరా బేటీ, చాయ్ తాపిస్త’’ అనేవారు. నేనెవరినీ తీసుకుపోలేదు, అయినా చాయ్ తాగని రోజు లేదు.

చాచాకు షోకు ఎక్కువ. కళ్లకు సుర్మా, చెవి వెనక అత్తరు, గ్రీజు పనిలోనూ ఇస్త్రీ నలగని తెల్ల కుర్తా. తాను బిగించే ప్రతి సామానునూ అలాగే ముస్తాబు చేసేవారు. తుప్పు గీకి, నల్లరంగు వేసి, ఆరాకే బిగించేవారు. ‘‘లోపల ఎవరు చూస్తరు చాచా?’’ అంటే ‘‘బానెట్ ఎత్తితే పెండ్లికొడుకు కనవడాలె’’ అని జవాబు. ఆ పెండ్లికొడుకు కోసం నేను ఎన్ని క్లాసులు మానుకున్నానో దేవుడికే తెలుసు.

ఆయన మాటలకు మా విద్యార్థినులు కూడా అభిమానులే. ‘‘బెల్టు ఎక్కువ గుంజితే బేరింగ్ ఏడుస్తది, ఒదులుగ ఇడిస్తే బెల్టే ఏడుస్తది. సంసారం సుత గంతే’’ అని ఒకసారి బెల్టు బిగిస్తూ చెప్పారు. ఆ మాట విన్న కొత్త పెళ్లికూతురు ఒకామె ఆ రోజంతా స్టీరింగ్ పట్టుకొని నవ్వుతూనే ఉంది.

కొన్నేళ్ల క్రితం కంటి ఆపరేషన్ అయ్యాక చాచా చేతులు వణకడం మొదలైంది. తిరిగే బెల్టు పక్కన వేళ్లు పెట్టే పని కదా, సలీంకు భయం పట్టుకుంది. ‘‘ఇగ చాలు అబ్బా, ఇంట్ల ఆరాంగ కూసో’’ అని రోజూ పోరు. చివరికి తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంజన్ తిరుగుతుంటే తానూ తిరిగి బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ అప్పుడే నా కారులో పాడైంది. కొత్తది చాచా ఒక్కరే బిగించాలి. ఫిర్యాదు రాకపోతే షాపులోనే ఉంటారు, కారు తిరిగొస్తే ఇంట్లో కూర్చుంటారు. నన్ను అడగకుండానే నా కారును పరీక్షకు పెట్టారు! కోపం వచ్చింది కానీ చాచా ముఖం చూసి మింగేశాను.

బిగించారు. మర్నాడే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరకుండా మినుకుమనసాగింది. బ్యాటరీకి కరెంటు సరిగా అందడం లేదన్నమాట. హెడ్‌లైట్లు కూడా నీరసంగా ఉన్నాయి. గుట్టుగా ఇంకోచోట చూపించుకుందామా అనిపించింది. కానీ తన పనిని వేరొకరు విప్పారని తెలిస్తే చాచా నా ముఖం చూడరు. గుండె రాయి చేసుకొని మౌలాలి దారి పట్టాను.

నన్ను చూడగానే సలీం ముఖం వాడిపోయింది. గెలిచానన్న సంతోషం మచ్చుకైనా లేదు. ‘‘కొత్తదే ఖరాబు వచ్చినట్టున్నది అబ్బా, వాపస్ ఇద్దాం’’ అన్నాడు. తండ్రి మీద పడే నింద సామాను మీద వేస్తున్నాడని నాకు తెలిసిపోయింది.

చాచా ఒప్పుకోలేదు. ‘‘కొత్త సామాన్ను తిట్టే ముందు పాత వైర్లను జెర పలుకరియ్యాలె’’ అంటూ బెల్టు చూశారు, బ్యాటరీ మొనలు చూశారు, తీగలన్నీ తడిమారు. అన్నీ బాగున్నాయి. ఇంజన్ నడుస్తుండగా మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్ మొనకు, రెండోది ఆల్టర్నేటర్ ఒంటికి ఆనించారు. ముల్లు కదలకూడదు. కదిలింది. చాచా ఆల్టర్నేటర్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ వైపు, దానికి తాను వేసిన నల్లరంగు వైపు చూసి, ఫక్కున నవ్వారు.

‘‘అరే, నా షోకే నన్ను ముంచింది! బోల్టు కూసునే జాగల సుత రంగేసిన. ఇనుముకు ఇనుము తగలకుంటే కరెంటు వాపస్ ఎట్ల పోతది?’’

అతుకుల దగ్గర రంగు గీకి, మళ్లీ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేశారు. ఎర్ర దీపం ఆరిపోయింది. లైట్లు, వైపర్లు, ఫ్యాను, హారను అన్నీ ఒకేసారి వేయించారు. అయినా ఆ దీపం మళ్లీ వెలగలేదు.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. చాచా మాత్రం పక్క చాయ్ హోటల్ దాకా వినపడేలా ‘‘గల్తీ నాదే! మాట మాటే. రేపటి సంది ఇంట్ల కూసుంట’’ అని పని కోటు విప్పి మేకుకు తగిలించారు. నవ్వుతూనే ఉన్నారు కానీ నాకు ఏడుపొచ్చింది. సలీం అరలోంచి నల్లరంగు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

‘‘ఇది నీ ఇంటికి తీస్కపో అక్కా. అబ్బా, నువ్వు పని చెయ్. గానీ రంగు ముట్టకు.’’

కొడుకు మనసు ఎక్కడ మారుతుందోనని చాచా వెంటనే కోటు తొడుక్కున్నారు. ఆ రంగుతో మా ఇంటి గేటు నిగనిగలాడింది.

ఆ తరువాత కూడా ఆయన ఏళ్ల తరబడి పని చేశారు, తన తప్పు కథను వచ్చినవారందరికీ చెప్పి నవ్వించారు. మొన్న మధ్యాహ్నం ఒక పాత కారుకు ఆల్టర్నేటర్ బిగించి, ముందు సీట్లో కూర్చొని ‘‘ఠీక్ ఉన్నది’’ అని సలీంకు చెయ్యి ఊపారట. తరువాత సీటుకు తల ఆనించారట. కునుకు తీస్తున్నారని సలీం అనుకున్నాడు.

విద్య మీద అంత గర్వం, తప్పు ఒప్పుకోవడంలో అంత ఔదార్యం ఒకే మనిషిలో నేను మరెక్కడా చూడలేదు. ఆ మహనీయునికి శాంతి ప్రసాదించమని వేడుకోవలసిన పని లేదు. ఆయన ప్రశాంతంగానే వెళ్లారు. తీరని లోటు మాది.

పరామర్శకు వెళ్తే సలీం గుమ్మంలోనే నా చేయి పట్టుకున్నాడు. ‘‘ఆ దినం నేను గట్టిగ చెప్పి ఇంట్ల కూసోబెడితే, అబ్బా ఇంకొన్ని దినాలు ఉంటుండెనా అక్కా?’’

‘‘ఉంటుండెనేమో సలీం. గానీ పొద్దుగాల్ల సంది గోడ దిక్కు చూస్కుంట కూసునేటోడు మీ అబ్బా గాదు. మీ అబ్బాను నువ్వు మాకు ఆఖరిదాంక ఉంచినవ్’’ అన్నాను.